బకెట్లో తెచ్చిన సముద్రం

మొన్న ఆదివారం మొజంజాహీ మార్కెట్లో నిలబడి సీతాఫలం ఐస్‌క్రీమ్ తింటున్నాను. దుకాణం వెనక ఐసు ముక్కల మీద రాళ్ళుప్పు చల్లుతున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే చల్లటి ఉప్పు వాసన ముక్కుకు తగిలింది. పొద్దున్న ఐస్‌క్రీమ్ తిప్పిన పీపాలోంచి కరిగిన ఉప్పునీళ్ళను పనివాడు మోరీలోకి ఒంపేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. అంత మంచి సముద్రాన్ని పారబోస్తున్నాడే అనిపించింది. నా చెయ్యి పట్టుకున్న మా అమ్మాయికి ఈ మాట చెబితే నవ్వింది. నవ్వదూ మరి, దానికి ఎస్తేరు మేడం తెలియదు కదా.

తొంభైల చివర్లో అబిడ్స్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో, రెండు గదులూ ఒక డాబాతో మేడం కార్ఖానా ఉండేది. మెదక్ నుంచి వచ్చిన మనిషి. యాభై దాటిన వయసు, తెల్ల వాయిల్ చీర, కొంగున ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్. చిన్న చిన్న రేవులకు సూర్యరశ్మితో వెలిగే దీపాలు తయారు చేయాలన్నది ఆవిడ పట్టుదల. రేవులోకి వచ్చే పడవలకు దారి చూపడానికి నీళ్ళ మీద తేలే పెద్ద డబ్బాలుంటాయి, వాటిని బోయాలంటారు. అప్పట్లో వాటి మీద గ్యాసు దీపాలు వెలిగేవి, ఒడ్డున డీజిల్ జనరేటర్ పొగ కక్కుతూ మొత్తుకునేది. పెద్ద రేవుల సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు, చిన్నవాటిని ఎవరు పట్టించుకుంటారన్నది మేడం బాధ.

నేను గౌలిగూడలో బట్టల వ్యాపారి కూతుర్ని, డిప్లొమా చేతికొచ్చి నెల కాలేదు. మేడం నా మార్కుల కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"సముద్రం చూసినవా బిడ్డా?" అని అడిగింది.

"లేదు మేడం."

"నేను గూడ సూడలే. మంచిదే, ఇద్దరం గల్సే తప్పులు జేద్దాం. రేపు పొద్దుగాల్ల రా."

నాకు అప్పగించిన పని, దీపాలను పరీక్షించి రిజిస్టర్లో రాయడం. సముద్రంలో బతకాల్సిన దీపాన్ని సముద్రంలేని ఊళ్ళో పరీక్షించడం ఎలా? మేడం దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రోజూ సాయంత్రం మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ దుకాణం నుంచి రెండు బకెట్ల ఉప్పునీళ్ళు తెప్పించేది. తెచ్చేది ఎవరో కాదు, మేమిద్దరమే. అబిడ్స్ రోడ్డు మీద చెరో బకెట్టు పట్టుకుని, చీరలు తడుపుకుంటూ నడిచేవాళ్ళం. దుకాణం చాచా మమ్మల్ని దూరం నుంచే చూసి, "ఆవో మేడం, మీ సముద్రం తయార్!" అని కేకవేసేవాడు. ఆ నీళ్ళను వడగట్టి, దీపాన్ని ఊరగాయ జాడీలో ముంచి, ఎండబెట్టి, మళ్ళీ ముంచేవాళ్ళం. తుప్పు పట్టిందా, నీరు చేరిందా, ఎండకు పగిలిందా, గాలికి ఊగిందా, అన్నీ చూసి ప్రతి గీతలోనూ 'పాస్' అని గుండ్రంగా రాశాను. నా చేతిరాతను చూసి నేనే మురిసిపోయాను.

కోస్తాలో ఒక చిన్న రేవు ఒక దీపాన్ని పరీక్షకు తీసుకుంది. వానాకాలమంతా ఆరకుండా వెలిగితే రేవంతా సూర్య దీపాలే పెడతామన్నారు, ఆరితే పాత గ్యాసే. మేడం ఆరేళ్ళ కష్టం ఆ ఒక్క దీపం మీద నిలబడింది. వానలు ఇంకా మొదలే కాలేదు, ఫోన్ వచ్చింది. దీపం ఆరిపోయిందట.

నాంపల్లి స్టేషన్లో రైలెక్కాం. దారి పొడుగునా రిజిస్టర్ తిరగేస్తూనే ఉన్నాను, నిండా ఉన్నది నా సంతకమే. అక్కడ పడవ నడిపే అప్పన్న మమ్మల్ని బోయా దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదటిసారి సముద్రం చూస్తున్నానన్న సంబరం కూడా లేదు. దగ్గరికి వెళ్ళేసరికి బోయా నెత్తిన ఏడెనిమిది తెల్లటి పిట్టలు హాయిగా కూర్చుని ఉన్నాయి. వాటి కింద సూర్యరశ్మిని పట్టే పలక రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దీపానికి ఏ జబ్బూ లేదు, పిట్టలు దాని కళ్ళు మూశాయంతే.

"ఇయ్యి రోజూ కూకుంటాయండి. మీకు తెలీదాండి?" అన్నాడు అప్పన్న అమాయకంగా.

నాకు ఏడుపొచ్చింది. మేడం మాత్రం పడవ ఊగేలా నవ్వింది. "ఉప్పు జూసినం, ఎండ జూసినం, గాలి జూసినం. పిట్టలను మర్చినం గదనే శోభా!" అని కళ్ళు తుడుచుకుంది. ఆ పూట ఆవిడ మీద నాకు కలిగిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. రేవు అధికారి దగ్గరికి వెళ్ళి, తప్పు మాదేనని ఒప్పుకుని, మూడు వారాల గడువు అడిగి తెచ్చింది.

తిరుగు రైల్లో నేను ఆ రిజిస్టర్ పేజీ చింపబోయాను. మేడం నా చెయ్యి పట్టుకుంది.

"చింపితే ఏమొస్తది? గా కింద ఇంకో గీత గియ్యి. 'పిట్టలు' అని రాయి. దాని కింద ఇంకొకటి గియ్యి, గది ఖాళీగ ఉంచు."

"ఖాళీగా ఎందుకు మేడం?"

"మనం సూడనిది ఇంకేదో ఉంటది గద. దానికి జర జాగ పెట్టు."

హైదరాబాద్‌లో పావురాలకు కొదవా? డాబా మీద జొన్నలు చల్లితే నాంపల్లి పావురాలన్నీ పెళ్ళివారిలా దిగాయి. మేడం అద్దం ముక్కలు వేలాడదీసింది, వాటిలో అవి ముఖాలు చూసుకున్నాయి. రంగు రిబ్బన్లు కట్టింది, పీకి గూళ్ళకు పట్టుకుపోయాయి. పదో రోజున, ఎదురు దుకాణం బోర్డును చూస్తూ టీ తాగుతున్న నాకు ఒక సంగతి తట్టింది. బోర్డు పైఅంచున పావురాలు బారుగా కూర్చున్నాయి కానీ, నిటారుగా ఉన్న దాని ముఖం మాత్రం శుభ్రంగా ఉంది.

"మేడం, పలకను పడుకోబెట్టడం ఎందుకు? నాలుగు చిన్న పలకలు నాలుగు వైపులా నిలబెడదాం. పొద్దు ఎటున్నా ఒకదాని మీద ఎండ పడుతుంది. నెత్తిన చీపురు తిరగేసినట్టు సన్నటి తీగలు పెడదాం."

మేడం కొంగున ఉన్న స్క్రూడ్రైవర్ తీసి నా చేతిలో పెట్టింది. "ఇగ జెయ్యి" అంది. ఏ సర్టిఫికెట్టూ నన్ను అంత గర్వపడేలా చేయలేదు.

ఆ దీపం వానాకాలం దాటింది. చివరి వారం అప్పన్న ఫోన్ చేశాడు. "దీపం ఎలుగుతానే ఉందండి. పిట్టలే ఇప్పుడు నా పడవ మీద కూకుంటన్నాయండి!" రేవువాళ్ళు మాటకు నిలబడి బోయాలన్నిటికీ మా దీపాలే పెట్టారు. కొన్నేళ్ళకు ఒడ్డున దీపాలూ సూర్యుడివే అయ్యాయి, జనరేటర్ మూలపడింది. అప్పుడు అప్పన్న చెప్పిన మాట మేడం అందరికీ చెప్పుకుని మురిసిపోయేది. రేవులో నిలబడితే అలల చప్పుడు వినబడుతోందట.

మేడం పోయి తొమ్మిదేళ్ళయింది. నేనిప్పుడు సౌర పరికరాలను పరీక్షించే చోట పెద్ద ఉద్యోగంలో ఉన్నాను. నా బల్ల మీదికొచ్చే ప్రతి పరీక్ష కాగితంలోనూ చివరన ఒక ఖాళీ గీత ఉంటుంది. నిన్న కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి అన్ని గీతల్లోనూ 'పాస్' అని గుండ్రంగా రాసుకొచ్చి, "ఈ ఖాళీలో ఏం రాయాలి మేడం?" అని అడిగింది.

"నాకెట్ల తెలుస్తది బిడ్డా? నాంపల్లిల రైలెక్కు, అది పెట్టే జాగకు పోయి సూసొచ్చి రాయి" అన్నాను.