నేను గీయని క్లాంపు

నా బామ్మర్ది దవడ విరగ్గొట్టింది నేనే. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ తర్వాత తొమ్మిదేళ్లకు జరిగింది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పాలి.

వినుకొండకు దగ్గర్లో ఉన్న మా ఊళ్లో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు కాలిపోతే రైతులు తెచ్చి నా దగ్గర పడేస్తారు. పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. ఆ ఏడాది మిరప తోటలు నీళ్ల కోసం అల్లాడుతున్న రోజుల్లో మా అత్తగారి పొలంలో మోటారు కాలింది. చుట్టి ఇచ్చాను. నాలుగో రోజుకి మళ్లీ కాలింది. నా భార్య తమ్ముడు దాన్ని ట్రాక్టరులో వేసుకొచ్చి, షాపు ముందు పదిమంది కూర్చుని ఉండగా దించాడు.

"ఏంది బావా, పీకిన తీగే మళ్లీ చుట్టావా?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. నా చేతిలో రెంచీ ఉంది. చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదని చాలాకాలం అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఎక్కడ తగలాలో చూసుకునే కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. వాడు మోటారు పక్కన కూలబడ్డాడు. నోట్లోంచి రక్తం, దాంతోపాటు ఒక పన్ను మోటారు మీద పడ్డాయి. నేను రెండోసారి చెయ్యెత్తాను. జనం నా చేతులు వెనక్కి విరిచి పట్టుకోకపోతే ఆ దెబ్బ కూడా పడేదే.

గుంటూరులో డాక్టర్లు వాడి పళ్లకు తీగలు కట్టి రెండు దవడలూ బిగించారు. నెలన్నరపాటు గొట్టంతో జావ తాగాడు. మా చర్చి పెద్దలు నా భార్య ముఖం చూసి కేసు లేకుండా మాట్లాడారు. నన్ను క్షమాపణ అడగమన్నారు. "సరే, అయిందేదో అయింది" అన్నాను. దాన్నే క్షమాపణ అనుకుని ప్రార్థన చేసి లేచారు.

అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. వాడు పొలం కౌలుకిచ్చి గుంటూరు వెళ్లిపోయాడు. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం నేర్పే ఉద్యోగంలో చేరాడు. మా అత్తగారిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. అయినా నా భార్య పండగలకు ఒక్కతే వెళ్లి వచ్చేది.

ఇక చెక్క కోసే మిషన్ సంగతి. ఫోన్‌లో వీడియోలు చూసిచూసి నాకు చెక్కతో గడియారం చెయ్యాలన్న పిచ్చి పట్టింది. పళ్లచక్రాలు, ముల్లు, అన్నీ చెక్కే. దానికి చిన్న సీఎన్‌సీ మిషన్ విడిభాగాలుగా తెప్పించుకున్నాను. బల్లంత చట్రం మీద తిరిగే మోటారు, దాని కొసన పెన్సిల్ మొనంత బిట్. కంప్యూటర్లో గీసిన గీతల వెంట ఆ బిట్ పోతూ చెక్కను కోస్తుంది. మోటార్లతోనే బతికేవాణ్ణి కదా, వారంలో బిగించేశాను. గీయడం దగ్గరే ఆగిపోయాను. నెల రోజులు కుస్తీ పట్టి ఒక్క చక్రం కూడా సరిగ్గా గీయలేకపోయాను. ఒక గీత జరిపితే బొమ్మంతా వంకరపోయేది. ఒకరోజు కీబోర్డును మోకాలి మీద వేసి రెండు ముక్కలు చేశాను.

నా భార్య ఆ మీటలన్నీ ఏరి డబ్బాలో వేసింది. "మీకిది నేర్పగలిగినవాడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు" అంది. ఎవరని నేను అడగలేదు.

తనే ఫోన్ చేసి మాట్లాడింది. ఆదివారం మధ్యాహ్నం, సెంటర్ ఖాళీగా ఉన్నప్పుడు రమ్మన్నాడట. బస్సు దిగి, ఆటోలో బ్రాడీపేట చేరి మెట్లెక్కాను. గదిలో వాడు, వెనక వరసలో సొంతంగా పని చేసుకుంటున్న ఇద్దరు స్టూడెంట్లు, అంతే. వాడు లేవలేదు. మాట్లాడుతుంటే దవడ దగ్గర టక్కుమని చిన్న చప్పుడు వస్తోంది.

"అక్క అడిగిందని నేర్పుతున్నా. నేను పక్కన కూర్చున్నంతసేపూ నీ చేతులు టేబుల్ మీదే ఉండాలి. నాకు కనపడేట్టు" అన్నాడు.

పెట్టాను. బడిలో పంతులు బెత్తం కోసం చేతులు చాపినట్టు కూర్చున్నాను.

వాడు బాగా నేర్పేవాడు, ఒప్పుకోవాలి. నీలంగా కనిపించే గీత ఇంకా కదులుతుందనీ, కొలతలన్నీ ఇస్తేనే నల్లబడి నిలబడుతుందనీ మొదటిరోజే చూపించాడు. తర్వాతి వారానికి నేను నలభై పళ్ల చక్రాన్ని ఒక్కో పన్నూ విడివిడిగా గీసి పట్టుకెళ్లాను. ఆరు రోజుల పని. చూశాడు, మొత్తం సెలెక్ట్ చేశాడు, డిలీట్ నొక్కాడు.

"ఒక్క పన్ను గియ్యి. మిగతావి మధ్య చుక్క చుట్టూ అదే తిప్పుకుంటది."

నేను మౌసుని టేబుల్‌కేసి కొట్టాను. కొట్టిన క్షణంలోనే వాడి తల పక్కకి తిరిగిపోయింది, అరచెయ్యి దవడ మీదికి వెళ్లింది. కుర్చీ వెనక్కి జరిగింది. వెనక వరసలో వాళ్లు తలెత్తి చూశారు. వాడు మెల్లగా చెయ్యి దించి, కుర్చీ ముందుకు లాక్కుని, "గియ్యి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. తొమ్మిదేళ్ల తర్వాత కూడా వాడి ఒళ్లు నన్ను మర్చిపోలేదని నాకు ఆరోజే తెలిసింది. ఆ సిగ్గుతో నోరు మూసుకుని ఒక్క పన్ను గీశాను.

మూడు నెలలకు చక్రాలు గీయడం వచ్చింది. బిట్ ఏ దారిలో పోవాలో, ఎంత లోతు దిగాలో, ఒకచోట కోసి ఇంకోచోటికి వెళ్లేటప్పుడు ఎంత ఎత్తుకు లేవాలో మిషన్‌కి చెప్పడం కూడా నేర్పాడు. మొదటి పెద్ద చక్రం కోసే రోజున, ఎందుకో మరి, తనే వస్తానన్నాడు.

అది మిరపకాయల కాలం. మిషన్ ఉన్న రేకుల షెడ్డు నా షాపు వెనక ఉంటుంది. దాని తలుపు మా అత్తగారి తోడికోడలి కల్లంలోకి తెరుచుకుంటుంది. కల్లం నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. తోడికోడలి కొడుకులిద్దరూ కాయల్ని బస్తాల్లో పోసి తొక్కుతున్నారు. చర్చి అయ్యాక నా బామ్మర్ది తిన్నగా షెడ్డుకే వచ్చాడు. నేను ప్లైవుడ్ ముక్కను నాలుగు మూలలా ఇనుప క్లాంపులతో బల్లకు బిగించి, బిట్‌ను రెంచీతో గట్టిగా బిగించి, అది చేతిలో ఉండగానే మిషన్ ఆన్ చేశాను.

రెండు పళ్లు చక్కగా తెగాయి. "పర్లేదే" అంటూ వాడు ముందుకు వంగాడు. కళ్లద్దాలు పెట్టుకోమని చెప్పాలని నాకు తట్టలేదు. బిట్ చెక్క మీంచి కాస్తే లేచి, అవతలి మూలకు పోతూ క్లాంపును గుద్దింది. టపాకాయ పేలినట్టు చప్పుడైంది. వాడు రెండు చేతులతో ముఖం పట్టుకుని కింద పడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారింది. విరిగిన బిట్‌తో మోటారు గాల్లోనే మిగతా పళ్లు కోస్తూ తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే మా అత్త అన్నం క్యారేజీతో తలుపు దగ్గరికొచ్చింది. ఆవిడకి కనపడింది ఇదీ: కింద కొడుకు, ముఖమంతా రక్తం, వాడి మీదికి వంగి నేను, నా చేతిలో రెంచీ.

"ఒరేయ్, మళ్లీ కొట్టాడ్రా" అని కేక పెట్టింది. క్యారేజీ జారి పడింది.

కల్లంలోంచి అన్నదమ్ములిద్దరూ పరిగెత్తుకొచ్చారు. నేను రెంచీ వదిలేసి "మిషను..." అన్నాను. రెండో మాటకి పిడికిలి నోటి మీద పడింది. జుట్టు పట్టి బయటికి ఈడ్చారు. పెద్దవాడు గోడవార ఉన్న పత్తి కట్టె లాగి వీపు మీద కొట్టాడు. అది విరిగింది. ఇంకోటి తీసుకున్నాడు. చిన్నవాడు పక్కటెముకల్లో తన్నాడు. ఎదురు తిరక్కుండా ఓర్చుకున్నానని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. మొదటి తన్నుకే ఊపిరి ఆగిపోయింది. ఊపిరి ఉంటే నేనూ కొట్టేవాణ్ణే.

ఆరబోసిన కాయల్లోకి నన్ను బోర్లా పడేసి మెడ మీద కాలు పెట్టి నొక్కారు. చిట్లిన పెదవి, ముక్కు, కళ్లు, అన్నింట్లోకీ కారం. నిప్పులు కుక్కినట్టయింది. దగ్గుదామంటే పక్కటెముకలు పొడుస్తున్నాయి. గింజలు గొంతులోకి పోయాయి. ఆడవాళ్లు లేచి దూరంగా నిలబడ్డారు.

తల పక్కకి తిప్పినప్పుడు కళ్ల మంటలోంచి ఒక్క క్షణం నాకు షెడ్డు గడప కనిపించింది. వాడు అక్కడ కూర్చుని ఉన్నాడు. మా అత్త కొంగు వాడి కంటికి అదిమిపెట్టి ఉంది. రెండో కన్ను తెరిచే ఉంది. నన్నే చూస్తున్నాడు. స్పృహలోనే ఉన్నాడు, నోరు తెరవడం లేదు.

ఎంతసేపో చెప్పలేను. ఇంకో మూడు దెబ్బలో, ఆరో పడ్డాక వాడి గొంతు వినిపించింది.

"ఆపండ్రా. బావ కొట్టలా. మిషన్లో ముక్క ఎగిరి తగిలింది."

మెడ మీద కాలు తీశారు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. తాలు ఏరే ముసలామె "నీళ్లు పొయ్యమాకండి, ఇంకా మండుద్ది" అని తన క్యారేజీలోని మజ్జిగ నా ముఖాన పోసింది. చిన్నవాడు నా బామ్మర్దిని అడిగాడు, "ముందే చెప్పొచ్చు కదన్నా?" వాడు కొంగుని కంటికి ఇంకాస్త అదుముకున్నాడు.

నా భార్య వచ్చి మా ఇద్దర్నీ ఒకే ఆటోలో ఎక్కించి తను డ్రైవరు పక్కన కూర్చుంది. వినుకొండ దాకా గతుకుల రోడ్డు. ప్రతి గతుక్కీ నేను మూలుగుతున్నాను. సగం దారిలో వాడే మాట్లాడాడు.

"మొదటి దెబ్బకే చెబుదామనుకున్నా బావా. ఇంకొకటి పడనీలే అనుకున్నా. తర్వాత ఇంకోటి."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ ఆటోలోనే వాడి గొంతు పిసకాలనిపించింది. పిడికిలి బిగిసింది కూడా. చెయ్యి లేవలేదు, అంతే. కాసేపటికి కోపం కింద ఇంకేదో ఉందని తెలిసింది. ఆ రోజు షాపు ముందు కూలబడి వాడు పైకి ఎట్లా చూశాడో, నేనెప్పుడూ గుర్తు చేసుకోని ఆ చూపు, అప్పుడు గుర్తొచ్చింది.

"నేను చూసుకునే కొట్టాను రా ఆ రోజు. తెలిసే కొట్టాను. తప్పు నాది" అన్నాను. వాచిన పెదవులతో మాట సరిగ్గా రాలేదు. వాడికి అర్థమైంది. కిటికీ లేని ఆటో పక్కనుంచి పత్తి చేలవైపు తిరిగి కూర్చున్నాడు. ముందు సీట్లో నా భార్య కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనిపించింది.

ఆసుపత్రిలో నర్సు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇద్దరూ కొట్టుకున్నారా?" అంది.

వాడికి కనుబొమ్మ కింద కుట్లు పడ్డాయి. ముక్క ఇంకాస్త కిందికి తగిలితే కన్ను పోయేదని డాక్టరు అన్నాడు. నాకు రెండు పక్కటెముకలు చిట్లాయి. కళ్ల ఎరుపు వారానికి తగ్గింది. పక్కకి ఒత్తిగిలి పడుకోవడానికి నెలన్నర పట్టింది. కొట్టిన అన్నదమ్ములు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనింకా ఎక్కువ కొట్టేవాణ్ణని చెప్పి పంపేశాను. పెద్దలకు ఆ మాట నచ్చలేదు.

నేను లేచి తిరుగుతున్న రోజుల్లో ఒక ఆదివారం వాడు చెప్పకుండానే వచ్చాడు. కనుబొమ్మ కింద మచ్చ ఇంకా గులాబీ రంగులోనే ఉంది. "ఆ ఫైల్ తియ్యి" అన్నాడు. తీశాను. చక్రం ఉంది, చెక్క ఉంది, బిట్ పోవాల్సిన దారి ఉంది. క్లాంపులు లేవు. బిట్ అయిదు మిల్లీమీటర్లు లేస్తే చాలని నేనే ఇచ్చాను. క్లాంపుల ఎత్తు ఇరవై. అవి బల్ల మీద ఉంటాయని తెలుసు, డ్రాయింగులో గీయాలని తోచలేదు. వాడు నా చేత నాలుగూ గీయించి, మళ్లీ నడిపి చూపించాడు. బిట్ క్లాంపును తాకే చోట తెర మీద ఎర్రగా వెలిగింది.

"కాబట్టి ఆ దెబ్బ కూడా నీదే బావా" అన్నాడు. నవ్వాడో లేదో దవడ చప్పుడులో తెలియలేదు.

ఎత్తు పెంచాం. ఇద్దరం కళ్లద్దాలు పెట్టుకున్నాం. చక్రం మొత్తం తెగింది. తీసి చేతిలో పట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది. రెండో చక్రంతో కలిపి తిప్పితే బిగుసుకుంది. పళ్ల మధ్య సందు చాల్లేదని వాడు, చాలు, అంచులు రుద్దితే చాలని నేను. మాట మీద మాట పెరిగింది. "నీకెంత చెప్పినా ఎక్కదు" అన్నాడు. "నువ్వు చెప్పిందే వేదమా?" అన్నాను. ఇద్దరి గొంతులూ షెడ్డు దాటి పోయాయి. కల్లంలో తాలు ఏరుతున్న ఆడవాళ్లు చేతులాపి ఇటు చూస్తున్నారు. తలుపు దగ్గర నా భార్య వచ్చి నిలబడింది, ఒక చెయ్యి గడియ మీద పెట్టి.

వాడు ముందు గొంతు తగ్గించాడు. నేను రెండు చేతులూ బల్ల మీద పెట్టాను. సందు ఎంత పెంచాలో చెప్పమన్నాను.