ఖాళీ కప్పులో వాసన

మనిషిని వదిలిపోయిన వాసన ఎక్కడ దాక్కుంటుందన్నది ఇప్పటికీ తేలని ప్రశ్నే. జ్వరంతో ముక్కు మొద్దుబారి, పాలు అడుగంటినా తెలియక, ప్రేమానందం పూతలపట్టు కూడలిలోని టీ కొట్టు మూసేశాడు. అయినా ఏ గ్లాసందుకున్నా ముందు ముక్కు దగ్గరికే తీసుకుపోతాడు.

తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు కోమలి, చైనా ఇంజినీరు ఇచ్చిన ఊలాంగ్ టీ ఆకు తెచ్చింది. సెగ మీద బాగా వేయించిన ఆకు. దాని మీద వేడినీళ్లు పోసి, ఆ మొదటి నీళ్లు వంచేసింది. "డికాషన్ పారబోసి కడుగునీళ్లు తాపిస్తావా మే?" "ఆకు నానాలంట నాయనా, ఊరికుండు." రెండోసారి దిగిన తేనెరంగు నీళ్లు తాగి, ఖాళీ కప్పును ముక్కుకు ఆనించుకుని ఉండిపోయాడు. "పక్కింట్లో సెనక్కాయలు వేయిస్తా ఉండారా?" "ఎవురూ వేయించడం లేదు నాయనా, అది నీ చేతిలో కప్పు వాసనే!" ప్రేమానందం కప్పు దించాడు. మేకుకు తగిలించిన కొట్టు తాళంచెవి తీసుకుని, వస్తానని కూడా చెప్పకుండా వీధిలోకి నడిచాడు.