కుక్కకాటు గుడికి అక్కతో

అక్క నీళ్ళు ముట్టడం లేదని తెలిసిన మర్నాడే బయల్దేరాం. ఇది అరవైల మొదట్లో మాట. నేను పర్చూరులో మిషన్ బడి పంతులమ్మని. అక్క రత్నమ్మ మిరపకోతలకు కూలికి వెళ్ళేది. కల్లంలో కాయలు ఎండబోస్తుంటే ఎక్కడిదో కుక్క వచ్చి పిక్క పట్టుకుంది, వదిలి ఎటో పోయింది. అది పిచ్చిదో కాదో ఎవరికీ తెలియదు. గుంటూరు పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులన్నీ వేయించాను. అయినా నెల తిరిగేసరికి చెంబు చూస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. గట్టి ముద్దలు రెండు మింగేది, అంతే. డాక్టరుగారిని అడిగితే, "భయమైతే ఇవాళో రేపో తాగుతుందమ్మా, జబ్బయితే తాగలేదు, చూడటమే" అన్నారు. చూస్తూ కూర్చోవడం నా ఒంటికి పడదు. అద్దంకి అవతల ఆర్సీఎం వాళ్ళ, అంటే కాథలిక్కుల గుడి ఒకటుందని, కుక్క కరిచినవాళ్ళు అక్కడికే వెళ్తారని కూలీలు చెప్పారు. మేము బాప్తిస్టులం, బొమ్మల ముందు మోకరించే అలవాటు లేదు. అక్క కంటే నా సిద్ధాంతం ఎక్కువా ఏమిటి, పోనిమ్మనుకున్నాను.

తెల్లవారుజామున మొదటి బస్సుకి చిలకలూరిపేట చేరి, అక్కడ బస్సు మారి పొద్దెక్కాక అద్దంకిలో దిగాం. ఇప్పుడంటే ఆటోలు దొరుకుతాయి గానీ అప్పుడు ఎడ్లబండే దిక్కు. రాను పోను రెండు రూపాయలకు కోటయ్య అనే అతను ఒప్పుకున్నాడు. కుక్కకాటు గుడికని చెప్పగానే అక్కని ఎగాదిగా చూసి, బండిలో ఉన్న నీళ్ళకడవ మీద గోనెసంచి కప్పాడు.

"ఎండకి నీళ్ళు మెరుస్తాయమ్మా. కొందరికి పడదు" అన్నాడు.

"ఇట్లా చాలామందిని తీసుకెళ్ళావా?"

"తీసుకెళ్ళానమ్మా. ఇటు వచ్చేప్పుడు బండి ఖాళీగా వచ్చిన రోజులూ ఉన్నయ్."

రెండు గంటల దారి, నల్లరేగడి. అటూ ఇటూ కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, కాపలాకి మనిషన్నవాడు లేడు. ఘాటుకి ముగ్గురం దగ్గుతూనే ఉన్నాం. అక్క పైట చెంగు మొహం మీదికి లాక్కుని కూర్చుంది.

గుడి చిన్నది, పెంకుటిల్లు లాంటిది. అరుగు మీద, నీడలో, గుమ్మంలో ఎక్కడ చూసినా కుక్కలే. కొత్తవాళ్ళం వస్తే ఒక్కటీ మొరగలేదు. తలలెత్తి అక్కని చూశాయి, మళ్ళీ పడుకున్నాయి. ఆ గుడిలో ప్రార్థనలు చేయించే ఉపదేశి చిన్నప్పగారు, నెరిసిన గడ్డం మనిషి, ఎదురొచ్చి ముందడిగింది సూదులు వేయించారా అని. వేయించామన్నాను. రెండోది, నూతులు చూపించారా అని.

మా వైపు కుక్క కరిస్తే ఏడు నూతుల్లోకి తొంగిచూపించడం ఆచారం. నేను వద్దని మొత్తుకున్నాను గానీ, నేను బడికి వెళ్ళిన పూట చూసి మా పెద్దమ్మ అక్కని ఏడు నూతులూ తిప్పేసింది. ఆ సంగతి చెప్పాను.

"ఇక్కడ పద్ధతి వేరమ్మా" అన్నాడాయన. "మా పునీతుడి దగ్గరికొచ్చినోళ్ళు నలభై రోజులు తమ మొహం తాము చూసుకోకూడదు. అద్దం లేదు, నుయ్యి లేదు."

అప్పుడు నోరు విప్పింది అక్క. "ఏడో నూతిలో నా మొహం లేదండీ. కుక్క ఉంది. పైకి నన్నే చూస్తా ఉంది. అప్పట్నించి ఏ నీళ్ళలో చూసినా అదే."

చిన్నప్పగారు బెదరలేదు. అక్కని కుక్కకాటుకి కాథలిక్కులు మొక్కే పునీత హుబర్టు బొమ్మ ముందు కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. "ఈయనా అనుకోనిది చూసినోడే తల్లీ. వెయ్యేళ్ళు దాటిన మాట. పెద్దింటి దొర, వేటంటే పడిచచ్చేవాడు. యేసుని సిలువేసిన మంచి శుక్రవారం నాడు లోకమంతా గుడికి పోతే ఈయన కుక్కల్ని తీసుకుని అడివికి పోయాడు. దుప్పిని తరిమితే అది పరిగెత్తడం ఆపి వెనక్కి తిరిగింది. కొమ్ముల నడుమ సిలువ వెలుగుతా ఉంది. కుక్కలు నోరు మూసుకుని నేల కరిచినయ్. ఎన్నాళ్ళు ఇట్టా తిరుగుతావు అని గొంతు వినబడింది. ఆ దొరే తర్వాత బిషపయ్యాడు. చూసిందానికి భయపడి పారిపోలేదు, మోకరించాడు."

తర్వాత గోడకున్న ఇనప తాళంచెవి తీశాడు. వెనకటి దొరస్వామి, అంటే తెల్ల పాదిరి, తన దేశం నుంచి తెచ్చిందట. ఒకప్పుడు ఎర్రగా కాల్చి వాత పెట్టేవాళ్ళు, ఇప్పుడు ఊరికే గాటు మీద ఆనించి ప్రార్థన చేస్తారు, అక్కకీ అలాగే చేశాడు. ఆపైన మూతికి గుడ్డ కట్టిన మట్టికూజా అక్క చేతికిచ్చాడు. "నీళ్ళు కనబడవు. గుడ్డ మీదుగా తాగు."

అక్క కూజా పెదవులకి ఆనించింది, దించింది, మళ్ళీ ఎత్తింది. తాగకపోతే జబ్బేనని నాకు తెలుసు, తనకీ తెలుసు. అప్పుడు గొంతులో నీళ్ళు దిగిన చప్పుడు వినిపించింది. ఆపకుండా తాగింది, రవికంతా తడిసింది. నేను సిగ్గు లేకుండా భోరున ఏడ్చాను.

బయటికొస్తుంటే ఎక్కడో కుక్క అరిచింది. చుట్టూ చూస్తే అరుగు మీద కుక్కలన్నీ నోళ్ళు మూసుకుని పక్కనున్న తాటాకు పాక వైపు చూస్తున్నాయి. లోపల ఓ పాతికేళ్ళ కుర్రవాణ్ణి పంచెలతో మంచానికి కట్టేశారు. ఆ అరుపు అతనిది. గుమ్మంలో కూర్చున్న తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"మీ అక్కాయి తాగిందా అమ్మా?"

"తాగిందమ్మా. మీవాడికి సూదులు వేయించారా?"

"కోతలయ్యాక గుంటూరు పోదామనుకున్నాం. ఈలోగానే ఇట్టాగైంది." ఆమె మొహం విప్పారింది. "మీ అక్కాయి తాగిందంటే మావాడూ తాగుతాడులే. తాళంచెవి అదేగా."

తాగుతాడమ్మా అన్నాను. జబ్బు పైకి తేలాక ఎవరూ బతకరని ఆ తల్లితో ఎలా అనను?

అక్క ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. తనని హుబర్టుగారే కాచాడనేది, నేను సూదులే అనేదాన్ని, ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. ఏడో నూతిలోంచి తనని చూసిందేమిటో మాత్రం నన్నడగొద్దు. చదువుకున్నదాన్నే, నాకూ తెలియదు. నాకు ఇప్పటికీ నిద్రలో వినపడేది ఆ తల్లి గొంతే. మీరూ అటు వెళ్ళేట్టయితే ఒక్క మాట. కరిచిన వెంటనే గాటుని సబ్బుతో ధారకింద బాగా కడగండి, ఆ రోజే ఆసుపత్రికెళ్ళి సూది వేయించండి, కోతలున్నా పెళ్ళిళ్ళున్నా ఆగొద్దు. గుడికి తర్వాత వెళ్ళొచ్చు. పునీతుడు ఎక్కడికీ పోడు.