కడుపునొప్పి అని రాసిన కాగితం

మాచర్ల నాపరాళ్ల ఫ్యాక్టరీలో కరెంటు పోయినప్పుడల్లా గోపికకు ఒళ్లు జలదరించేది. పాలిష్ మిషన్ల రొద ఆగగానే, యార్డులో పరిచిన రాళ్ల మీద చక్రాలు దొర్లుతున్న చప్పుడు వినబడేది. పట్టపగలు, పదిమంది మధ్య! పక్కనున్నవాళ్లను అడిగితే "ఏం చప్పుడే, ఎండదెబ్బ తగిలిందా?" అని నవ్వారు. ఆమె మళ్లీ అడగలేదు. ఎవరు దొర్లిస్తున్నారో ఆమెకు తెలుసు మరి.

హర్ష ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ ఫ్యాక్టరీలోనే రాళ్లు ఎత్తేవాడు. ఫోన్లో చూసి ముచ్చటపడి ఒక పాత స్కేట్‌బోర్డు తెప్పించుకున్నాడు. భోజనాల వేళ నున్నటి రాళ్ల మీద తను నేర్చుకుని, అక్కకూ నేర్పాడు. రెండేళ్ల కిందట, నిండా ఇరవై రెండేళ్లు లేవు, తన ప్రాణం తానే తీసుకున్నాడు.

స్టేషన్లో ఫిర్యాదు రాసివ్వాల్సి వచ్చింది. మా పక్క ఇలాంటి చావులకు ఒకటే మాట తయారుగా ఉంటుంది: కడుపునొప్పి తాళలేక. మొగుడూపెళ్లాల గొడవైనా కడుపునొప్పే, మిరప తోట ఎండిపోయినా కడుపునొప్పే. ఎవడు కనిపెట్టాడో గానీ, వాడి నోట్లో మన్నుపడ! తల్లి పోలేరమ్మ చెప్పింది, గోపిక రాసింది, తల్లి వేలిముద్ర వేసింది.

ఏడాది తిరిగాక గోపిక తమ్ముడి బోర్డెక్కింది. దాని మీద ఉన్నంతసేపూ ఆ చప్పుడు తనదే అవుతుంది కదా, అందుకని.

నరసరావుపేట నుంచి వచ్చే కౌన్సెలర్ ఫాయిజా ఒకరోజు అది చూసింది. "నువ్వు జనాన్ని పోగుచెయ్ గోపికా, మనసుకొచ్చే జబ్బుల గురించి నేను చెప్తా. ఉత్త మీటింగంటే ఒక్కరూ రారు," అంది. నిజమే. చున్నీ బిగించి కట్టిన ఆడపిల్ల చక్రాల చెక్క మీద జుయ్యిమని పోతుంటే, ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుని చూసేది. ఆదివారానికో ఊరు తిరిగారు. పోలేరమ్మా వెంట వచ్చేది. పిల్లను ఒంటరిగా పంపలేకనని అనేది గానీ, కూతురు ఎక్కడ నోరు జారుతుందోనని కాపలా. తమ్ముడెట్టా పోయాడని ఎవరడిగినా గోపిక ఆ కాగితంలో మాటే అప్పజెప్పేది. ఫాయిజాకూ అదే చెప్పింది. "దాచుకోకండి, చెప్పుకోండి" అని ఆమె మైకులో అంటుంటే గోపికకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

మొన్న వేసవిలో రెంటచింతల వెళ్లారు. పొద్దు వాలినా సిమెంటు రోడ్డు సెగలు కక్కుతూనే ఉంది. ఆటా మాటా అయ్యాక గంగయ్య అనే మిరప రైతు గోపిక దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, మీ తమ్ముడిది కడుపునొప్పంటగా? మా కోడలికీ అదేనమ్మా. రెండు నెల్లుగా తిండి లేదు, నిద్ర లేదు. గోడకేసి చూస్తా కూచుంటది. నేనుండి ఏం లాభం మామా అంటది. గుంటూరు తీసకపోయి స్కానింగులన్నీ తీయించాం, ఏం లేదన్నారు. మీ వాడికి ఏ మందు వాడారో చెప్పు తల్లీ. అది కాకుండా ఇంకోటి వాడిద్దాం."

తను రాసిన అబద్ధాన్ని పట్టుకుని ఆ పెద్దాయన మందు వెతుక్కుంటున్నాడు! ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ కోడలు ఏమవుతుందో ఆమెకు తెలుసు. తల్లి వైపు చూసింది. పోలేరమ్మ కళ్లతోనే వద్దంది.

"కడుపునొప్పి కాదు బాబాయ్," అంది గోపిక, అందరికీ వినబడేట్టు. "మనసు బాగలేక వాడే ప్రాణం తీసుకున్నాడు. ఆ కాగితం అబద్ధం. నా చేత్తోనే రాశా. మీ కోడలిదీ కడుపు జబ్బు కాదు. ఈ మేడమ్‌ని ఇప్పుడే ఇంటికి తీసకపో. ఆ పిల్లను ఒంటరిగా వదలమాకండి."

పోలేరమ్మ లేచి విసవిసా వచ్చింది. తల్లి చెంప పగలగొడుతుందనే అనుకుంది గోపిక. ఆమె గంగయ్య ముందు ఆగింది.

"పద అన్నయ్యా, నేనూ వస్తా," అంది. నాలుగడుగులు వేసి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"వాడు నాతో చెప్పాడే. పోయే ముందు వారమే. లోపల ఏందో చానా బరువుగా ఉందే అమ్మా, దేని మీదికీ మనసు పోవట్లా అన్నాడు. నేను వాము నీళ్లు కాచిచ్చా. నా తండ్రి మొత్తం తాగి, తగ్గిందే అమ్మా అన్నాడు."