అక్క అడిగిన గాలి

మా అక్కకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. తిరుత్తణి నుంచి తిరువళ్లూరు ఆసుపత్రికి నా పాత కారులో నేనే తీసుకెళ్లేవాణ్ణి. బావకు కాట్టుపల్లిలో ఓడలు కట్టే చోట కాంట్రాక్టు పని, ఆదివారం తప్ప ఇంటికి రాలేడు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. కాబట్టి ఆ పని నాదేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కారులో నా వైపు అద్దం నెలరోజులుగా దిగడం లేదు. స్విచ్ నొక్కితే చప్పుడు కూడా రాదు. ఇవాళా రేపూ అంటూ బాగుచేయించలేదు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. తిరుత్తణి దాటిన కాసేపటికి బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రదీపం వెలిగింది. ఇంజన్ ఆపకుండానే పక్కకు నిలిపి, తిరువళ్లూరులో నాకు తెలిసిన కార్ల ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను. బ్యాటరీకి చార్జింగ్ అందడం లేదని, అందులో మిగిలిన కరెంటుతోనే బండి నడవాలని చెప్పాడు. ఏసీ, పాటలు అన్నీ ఆపేసి నేరుగా వచ్చేయమన్నాడు. ఆపేశాను.

పది నిమిషాలకే లోపల ఉడికిపోయింది. పక్క సీట్లో ఉన్న అక్క ఆసుపత్రి ఫైలుతో విసురుకుంటూ, "అద్దం రవంత దించుకుంటాన్రా, గాలాడలా" అంది.

దారిలో బండి ఆగిపోతే డయాలిసిస్ తప్పిపోతుంది. అంతకుముందు ఒక్కరోజు ఆలస్యమైతేనే ఆమె ముఖం, కాళ్లు ఉబ్బిపోయాయి.

"వొద్దుక్కా, బ్యాటరీ దిగిపోతాది. ఓర్చుకో" అన్నాను.

కాసేపటికి ఆమె చేయి తన వైపు అద్దం స్విచ్ మీదికి పోయింది. మిగతా అద్దాలు దిగకుండా ఆపే లాక్ బటన్ నా తలుపుకు ఉంది, దాన్ని నొక్కేశాను. ఆమె రెండుసార్లు నొక్కి చూసింది. తరువాత నా వైపు చూడకుండా "సరేలే" అని చేయి ఒళ్లో పెట్టుకుంది.

ఆసుపత్రికి చేరాం. మిషన్ మీద ఉండగానే ఆమెకు బీపీ పడిపోయింది. ఐసీయూకి మార్చారు. మూడో రోజు పోయింది. గుండె ముందే బాగా బలహీనపడిందని, ప్రయాణం వల్ల కాదని డాక్టరు చెప్పారు.

కర్మలు ముగిశాక, బ్యాటరీని విడిగా చార్జ్ చేయించి, కారు ఆ ఎలక్ట్రీషియన్ దగ్గరికి తోలుకెళ్లాను. ఇంజన్ నడుస్తుండగా మీటరు పెట్టి చూశాడు. పద్నాలుగు వోల్టులు చూపించాల్సింది, పన్నెండు దగ్గరే ఆగింది. బెల్టు బాగానే ఉంది. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ విప్పితే లోపలి కార్బన్ ముక్కలు అరిగిపోయి ఉన్నాయి. తరువాత నా తలుపు అట్ట ఊడదీసి అద్దం మోటారుకు నేరుగా వైర్లు తగిలించాడు. అది కదల్లేదు. మోటారే పోయిందన్నాడు.

ఆ రోజు రెండో వైపు అద్దం దించి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

"ఏం కాదన్నా. రెండు మూడు సెకన్లు కరెంటు లాగతాది, అంతే. దానికి బండి ఆగిపోదు" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. ఎందుకడిగానో అతనికి తెలియదు.

ఆ ఆదివారం బావతో కలిసి అన్నానికి కూర్చున్నప్పుడు అంతా చెప్పేశాను, లాక్ నొక్కిన సంగతి కూడా. ఆయన కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"మిషన్ మీదికి పోయేముందు నాకు ఫోన్ చేసినాది" అన్నాడు. "తమ్ముడు దోవలో శానా బయపడినాడు, వాణ్ణేమీ అనొద్దు అనింది. నాకప్పుడు అర్థం కాలేదు."

నేను కంచం ముందు నుంచి లేచి, బయట మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి బావ కూడా చేయి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.