మా చెల్లె చెప్పిన నా వయసు

బీడీ ఆకు కోసం అడవిల తునికి మండలు కొట్టుడు అయిపోయి, కొత్త చిగురు ఇంకా రాకముందే మా చెల్లె పోయింది. పొద్దున చాయ్ తీస్కపోయిన. గోడకు ఆనుకొని కూసున్నది కూసున్నట్టే ఉన్నది. రెండుసార్లు పిలిచిన. మూడోసారి పిలవలే.

రక్తం లేక పోయిందని ఊళ్ల అందరు అన్నరు. నిజమే. ఆ రక్తం ఎందుకు లేకుండ పోయిందో, ఆమె ఎసొంటి మనిషో నాలుగు ముక్కలు రాయాలనిపించింది. నాకు మాట్లాడుడు రాదు. ఆమె ఉన్నన్నాళ్లు నా మాటలు కూడ ఆమెనే మాట్లాడేది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు ఆమె పుట్టింది. అప్పటికే నేను మేకల ఎంబడి పోతున్న. నడక వచ్చేదాక నా సంకల్నే ఉన్నది. మా ఇంట్ల మేక కూర వండుడు ఏడాదికి నాలుగైదు సార్లు. మూలుగ బొక్క ఒకటే వచ్చేది. మొగపిల్లగాడినని నాయిన దాన్ని నా కంచంల ఏసేటోడు. నేను కంచం అంచుకు నాలుగు సార్లు కొట్టి, మూలుగ ఆమె అన్నం మీదికి జారనిచ్చేటోన్ని. ఉత్త బొక్కను ఆమె నోట్ల పెట్టుకొని ఈల ఊదేది. అమ్మ ఇద్దర్నీ తిట్టేది.

పెండ్లయినంక కూడ దూరం పోలే. పెనిమిటి తొందరగ పోయిండు, పిల్లలు లేరు. నా ఇంటి పక్కనే గుడిసె ఏసుకున్నది. మా ఇంటామెను ఒకపారి వదినె అనేది, ఒకపారి అక్క అనేది.

తునికాకు కోతల ఆమెను మించినోళ్లను నేను చూడలే. కట్టకు యాభై ఆకులు. ఆమె ఎంచేది కాదు, చేతికి మందం తెలిసేది. ఆకు కొనే కల్లం కాడ ఇప్పి ఎంచితే యాభైయే. కొందరు చిల్లు పడ్డ ఆకు, మచ్చలాకు కట్ట నడుమల దాస్తరు. వాళ్లను చూసి నవ్వేది. "నడుమ దాచిన ఆకు కట్ట ఇప్పేదాకనే" అనేది. ఇంట్ల ఎవరన్న అబద్ధమాడినా గదే మాట.

మూడేండ్ల కింద ఆకు కోతకు పోయి గుట్ట సగంల కూసున్నది. లేవలేకపోయింది. దవాఖాన్ల రక్తం తక్కువ అన్నరు. గోళీలిచ్చిండ్రు. నేను బెల్లం, పల్లీలు, ఆదివారం ఆదివారం మేక కార్జం తెచ్చిన. ఏడాది గిట్లనే నడిపినం. పెయి మాత్రం సున్నం కొట్టిన గోడ లెక్క తెల్లగ అయితనే ఉన్నది. ఖమ్మంల చూపిస్తే పట్నం పొమ్మన్నరు. పట్నంల తుంటి బొక్కకు సూది ఏసి మూలుగ తీసి చూసిండ్రు.

అక్కడి డాక్టరమ్మ మంచిది. మాకు సమజయ్యేటట్టు చెప్పింది. రక్తం పుట్టేది మూలుగలనట. అక్కడ తల్లి కణాలు ఉంటయట. పుట్టిన కాడి నుంచి పోయేదాక రక్తాన్ని కనేది అవేనట. వయసు మీద పడ్డకొద్దీ అవి తక్కువ కావట, ఒక్కోసారి ఇంకింత ఎక్కువైతయట. కాని పని చాతకాదు. అండ్ల ఒకటి చెడితే దాని సంతానమే మూలుగంత పరుసుకుంటది. అది కనే రక్తం సగం తయారై అక్కడ్నే చస్తది. గోళీలు, కార్జం ఎందుకు పని చెయ్యలేదో నాకప్పుడు తెలిసింది.

చెల్లె అంతా విని, "ముసలి మోడు లెక్కనా మేడం? పుల్లలు గుత్తులు గుత్తులు ఎల్తయి. ఆకు మాత్రం కట్టకు రాదు" అన్నది.

డాక్టరమ్మ ఎన్నడన్న తునికి మోడును చూసిందో లేదో. "అంతేనమ్మా" అన్నది.

ఒక తోవ ఉన్నదన్నది. తోబుట్టువు మూలుగ కలిస్తే తీసి ఎక్కించొచ్చు. అది కూడ కష్టమే, కాని చూడొచ్చన్నది. ఆమెకు తోబుట్టువును నేనొక్కన్నే. నా రక్తం తీసి పరీక్షకు పంపిండ్రు. కలిసిందని ఫోన్ వచ్చిన రోజు నేను అన్నం తినలే, ఆకలే కాలే. చిన్నప్పటి సంది ఇస్తున్నదే కదా, మళ్లొకసారి ఇస్త అనుకున్న.

ఇక నా వయసు సంగతి. ఆధార్ తీసెటోళ్లు వచ్చినప్పుడు పుట్టిన సంవత్సరం అడిగిండ్రు. నాకు తెల్వదు, ఊకున్న. అప్పటికి నా ఎంట్రుకలు నల్లగనే ఉన్నయి. ఆ పిలగాడు నా మొకం చూసి ఏదో రాసిండు. కార్డు మీద నేను మా చెల్లె కంటే రెండేండ్లు చిన్న. ఆఫీసుకు పోయి దిద్దించుకోమని ఆమె ఎన్నిసార్లు పోరుపెట్టిందో. ఆఫీసుల మాట్లాడాలంటే నాకు సిగ్గు. పోలే. డెబ్బై దాటినోళ్ల మూలుగ తీసుకోరని దవాఖాన్ల ఎవరో అనంగ విన్న, నాకు డెబ్బై దాటినయి. ఆ తప్పు ఇన్నేండ్లకు అక్కరకొచ్చింది అనుకున్న.

కొత్తగూడెంల బస్సెక్కినంక ఆమెకు మెల్లగ చెప్పిన, అక్కడ నన్ను తమ్మీ అని పిలువు అని. ముందు సీటాయన ఎనక్కి తిరిగేటట్టు నవ్వింది. తమ్మీ కిటికీ ముయ్యి, తమ్మీ నీళ్ల సీస తే అని పట్నం దాక నన్ను ఆటపట్టించింది. ఆమె అంతగనం నవ్వుడు అదే ఆఖరు.

డాక్టరమ్మ కార్డు చూసింది, నా మొకం చూసింది. వయసు గింతేనా అని అడిగింది. అవ్ అన్న. ఎందుకు అడుగుతున్ననో చెప్త అన్నది. ఇచ్చేటోళ్ల మూలుగకు కూడ వయసు అయితదట. డెబ్బై దాటినోళ్లదైతే సరిగ్గ నాటుకోకపోవచ్చు, అండ్ల కూడ చెడు మొలక దాగి ఉండొచ్చు. ఇచ్చేటోళ్ల పానానికి కూడ బాగ లేదన్నది. నేను మళ్ల, "కార్డుల ఉన్నంతే మేడం" అన్న. డాక్టరు ముందట నేను అంత మాట మాట్లాడుడు నా జన్మల అదే మొదలు.

చెల్లె నా చేతి మీద చెయ్యి ఏసింది.

"అన్నా, లే. పోదాం."

డాక్టరమ్మ తల ఎత్తింది. అన్ననా అని అడిగింది.

"నేను పుట్టేనాటికే మేకలు కాసేటోడు మేడం. నాకంటే తొమ్మిదేండ్లు పెద్ద. కార్డు తప్పు. మనిషి మంచోడే."

అంతే. కాయితాలు పక్కకు జరిగినయి.

సూర్యాపేట దాక నేను ఆమెతోని మాట్లాడలే. నాకు కోపమొచ్చుడు ఆమె ఎరుగదు. చాయ్ కాడ బస్సు ఆగితే, ఎందుకు చెప్పినవ్ అని అడిగిన.

"నడుమ దాచిన ఆకు కట్ట ఇప్పేదాకనే కదన్నా" అన్నది. చాయ్ ఊదుకుంటూ మళ్ల తనే, "నీకేమన్న అయితే నన్ను మోసేదెవరు?" అన్నది.

బయటోళ్ల మూలుగ కోసం వెతికిండ్రు. కలవలే. అప్పటి సంది రక్తం ఎక్కించుకుంట బతికింది. ఎక్కించినంక బస్సుల, "ఎవరో పడుచు పిలగాడిదే అన్నా, గుట్ట ఎక్కబుద్ధైతాంది" అనేది. ఆ రక్తం మొదట్ల నెల ఆగేది. తర్వాత పదిహేను రోజులు. ఆఖరికి వారం కూడ ఆగలే.

చెల్లె చేసిందే మంచిదని డాక్టరమ్మ తర్వాత నాతోని అన్నది. నాకు మనసొప్పుతలేదు. ఒక్క నిమిషం ఊకుంటే ఏమైతుండెనో అని ఇప్పటికీ అనిపిస్తది. నన్ను కాపాడుకోను నా అన్నతనాన్ని బయట పెట్టింది. ఆ రుణం ఎట్ల తీర్చాలో నాకు తెల్వదు.

చావు రాయించుకోను పంచాయతీకి పోయిన. ఇద్దరి కార్డులు చూసి అక్కడి సారు తమ్ముడని రాయబోయిండు. "అన్న అని రాయి సారూ. కార్డు తప్పు" అన్న. నా నోట్లకెల్లి మాట వచ్చింది.

ఐదోనాడు చెల్లె పేరు మీద పిట్టకు పెట్టినం. మోదుగ విస్తరిల అన్నం, మేక కూర. మూలుగ బొక్క నేనే ఏరి ఏసిన. కాకి జల్దీనే వచ్చింది. అన్నం ముట్టంగనే అందరు పెద్ద ఊపిరి తీసి ఇంటి తోవ పట్టిండ్రు. నేను ఆగిన. కాకి ఆ బొక్కను ముక్కుతోని పొడుస్తాంది. లోపలిది అందుతలేదు. మళ్ల పొడుస్తాంది.

నేను దగ్గరికి పోయిన. కాకి ఎగిరి కొమ్మ మీద కూసున్నది. బొక్క తీసుకొని రాయి అంచుకు నాలుగు సార్లు కొట్టిన. మూలుగ అన్నం మీదికి జారింది. ఉత్త బొక్క విస్తరి పక్కన పెట్టి, దూరం జరిగి నిలబడ్డ.