పంటినొప్పి హంతకుడు

నేను గీసిన బొమ్మ చూసి జనం జడుసుకోవాలని ఒకప్పుడు ప్రెస్సు యజమాని ముచ్చటపడ్డాడు. జడుసుకున్నారు. కానీ అందరికంటే ఎక్కువ జడుసుకున్నది నేనే. పెళ్లిచూపుల్లో కూర్చుని, పారిపోవడానికి కిటికీ వెతుక్కున్న పెళ్లికొడుకును మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను కరీంనగర్‌లో దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. నైజాం కాలంలో జరిగిన ఒక ఖూనీ గురించి, ఆ కేసు వాదించిన వకీలే రాసిన పుస్తకం ఒకటుండేది. అట్టలూడిపోయినా చేతులు మారుతూనే ఉండేది. దాన్ని మళ్లీ అచ్చు వేస్తూ ప్రెస్సు నర్సయ్య సేటు నన్ను పిలిచాడు.

“అట్ట మీద ఖూనీకోరు మొఖముండాలె. చూసినోనికి చలిజ్వరం రావాలె.”

“వాని ఫోటో ఉన్నదా సేటూ?”

“ఫోటో ఉంటే నువ్వెందుకురా?”

ఎన్నిసార్లు గీసినా నా హంతకులు హరికథ వింటున్నవాళ్లలా ప్రశాంతంగా తయారయ్యేవారు. చివరికి ఒకరోజు బస్టాండులో నా మనిషి దొరికాడు. గుబురు మీసం, నుదుట పుట్టుమచ్చ, ఎర్రటి కళ్లు, జామకాయంత వాచిన ఒక దవడ. పంటినొప్పితో పాపం మూలుగుతున్నాడు. నేను స్తంభం చాటున నిలబడి, ఆయన బస్సెక్కేలోగా ముఖమంతా కాగితం మీదికి దించేశాను. బుద్ధున్నవాడైతే ఆ పుట్టుమచ్చయినా వదిలేసేవాడు.

పుస్తకం జిల్లా అంతా పాకింది. అదే ఊపులో మా మేనమామ నాకు సంబంధం తెచ్చాడు. జగిత్యాలలో నూలు వ్యాపారం చేసే రాజమల్లయ్య బిడ్డ, సుగుణ. నన్నూ మా బాపునూ వెంటబెట్టుకుని వెళ్లాడు.

“రాండ్రి, రాండ్రి!” అంటూ రాజమల్లయ్య గుమ్మంలోకి వచ్చాడు.

బస్టాండులో మూలిగిన మనిషే! దవడ వాపు తగ్గింది గానీ మిగతాదంతా నేను గీసినట్టే ఉంది, పుట్టుమచ్చతో సహా! లోపల బల్ల మీద చూద్దును కదా, ఆ పుస్తకమే.

మా మేనమామ ఊరుకుంటాడా?

“గా అట్ట మీది బొమ్మ మా అల్లుడే గీసిండు!”

రాజమల్లయ్య అద్దాలు పెట్టుకుని పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. నేను కిటికీ ఎటుందా అని వెతుకుతున్నాను. అంతలో చాయ్ తెచ్చిన సుగుణ అట్టను చూసింది, తండ్రిని చూసింది, నన్ను చూసింది.

“గీ మొఖం ఎక్కడ్నో చూసిన,” అన్నాడు రాజమల్లయ్య.

“ఊ... ఊహించి గీసిన.”

“ఝూట! గిసుంటి మొఖం ఊహల పుట్టదు. ఎవన్నో చూసే గీసినవు.”

“బాపూ, చాయ్ చల్లారుతుంది,” అంది సుగుణ.

“జర ఆగవే! యాదికొస్తుండు.”

ఆయన చూపు నా మీదుగా మా బాపు దగ్గరికి జరిగింది. ఈ గొడవేదీ పట్టని మా బాపు బుగ్గన పాన్ కుక్కుకుని కూర్చున్నాడు. ఆయనకూ గుబురు మీసమే, నుదుట పుట్టుమచ్చలాంటి నల్లబొట్టే. ఆ చూపు వాచినట్టున్న బుగ్గ మీదే ఆగిపోయింది.

“దొరికిండు! ఏమనుకోకు బావా, గీ ఖూనీకోరు అచ్చం నువ్వే!”

సుగుణ నోట్లో కొంగు కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. బాపు పాన్ మింగేశాడు.

“కన్నతండ్రిని ఖూనీకోరును చేసినవురా?”

నిజం చెబితే సంబంధం పోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. “తప్పయింది బాపూ,” అన్నాను తల వంచుకుని.

రాజమల్లయ్య నా వీపు తట్టాడు. “తండ్రిని సుత ఇడిచిపెట్టలే! గింత నిజాయితీ ఉన్నోనికి కండ్లు మూసుకుని పిల్లనిస్త.”

పెళ్లయింది. పెళ్లిపందిట్లో కూడా బాపు నాతో మాట్లాడలేదు. నేను కుంచె పట్టుకుని, సూర్యచంద్రుల సాక్షిగా, ఇక బతికినంతకాలం ఏ హంతకుడికీ ముఖం గీయనని ఒట్టేశాను. అప్పటినుంచి నా హంతకులంతా వీపు చూపించే నిలబడుతున్నారు.

మొన్న ఒక కొత్త అట్టను సుగుణ చాలాసేపు చూసింది.

“నిజం చెప్పు. గీ వీపు మా చిన్నబాపుదేనా?”